విజిల్ వేయని గది

కతార్‌లో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేట ఉంది, అక్కడ ఆ పాత విల్లా వెనక సందులో ఎవరూ విజిల్ వేయరు.

పార్కింగ్ చూపించేవాళ్ళు చేతులే ఊపుతారు. మేం డ్రైవర్లం ఒకళ్ళనొకళ్ళు పిలవాలంటే హారన్ కొడతాం, లేకపోతే దిగివెళ్ళి భుజం తడతాం. కొత్తగా వచ్చినవాడెవడైనా తెలియక నోట్లో వేళ్ళు పెట్టాడా... పక్కవాడు ఆ చేతి మీద ఫట్‌మని ఒకటిస్తాడు. ఎందుకు కొట్టావంటే చెప్పడు. ముందు పద, తర్వాత చెప్తానంటాడు.

ఇప్పుడా విల్లా నిండా బియ్యం బస్తాలు. నాలుగేళ్ళ కిందట అది మన ఇండియా పిల్లల బడి. వెనకవైపు ఒక పెద్ద గది ఉంది. అరబ్బులు కాపురమున్న రోజుల్లో అది మజ్లిస్, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే హాలు. బడి వచ్చాక చరిత్ర పాఠాల గది అయింది. గోడకు నల్లబోర్డు, నేలకు తెల్ల టైల్స్, మూలన ఒక ఇనప బీరువా.

ఆ గది దగ్గర విజిల్ వేస్తే లోపల ఒకడు లేస్తాడంటారు. లేచి ఒక మాట అడుగుతాడంటారు. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన మనిషి ఇప్పుడు కతార్‌లో లేడు.

నేను దెయ్యాల్లేవనే మనిషిని. ఇన్నేళ్ళుగా రాత్రనక పగలనక బండి నడుపుతున్నాను, ఒక్కటీ ఎదురు రాలేదు. అయినా ఆ సందులో నేనూ విజిల్ వేయను. భయంతో కాదు, సిగ్గుతో. ఎందుకో వినండి.

నా పేరు ఇమామ్. ఆ బడి వ్యాన్ నేనే నడిపేవాణ్ణి. అక్కడ మస్తాన్ అని ఒకడుండేవాడు, మా రాయచోటి పక్క పల్లెవాడు. ఊడ్చేదీ అతనే, నీళ్ళ డబ్బాలు మోసేదీ అతనే, రాత్రి కాపలా అతనే. గేటు పక్కన చిన్న గదిలో ఉండేవాడు. శుక్రవారం శుక్రవారం నా దగ్గరికి వచ్చి భోంచేసి పోయేవాడు.

వచ్చినప్పుడల్లా జేబులోంచి ఒక ఫోటో తీసేవాడు. భార్య ఖాసింబీ, ఒళ్ళో పాప రమీజా. మస్తాన్ విమానమెక్కిన మూడు నెలలకు పుట్టింది. దానికి మూడేళ్ళు నిండినా తండ్రి ముఖం చూళ్ళేదు.

"ఒక్క నెల సుట్టీ ఇస్తే సాలన్నా," అనేవాడు. "ఆ బిడ్డను ఒకసారి ఎత్తుకోనొస్తా. మళ్ళ వాళ్ళెంత చాకిరి జెప్పినా చేస్తా."

చుట్టీ అంటే సెలవే. కానీ ఇక్కడ సెలవంటే మన ఇష్టం కాదు. పాస్‌పోర్టు మనల్ని పనిలో పెట్టుకున్న అరబ్బుల దగ్గరుంటుంది. వాళ్ళు సంతకం పెట్టిన కాగితం లేనిదే విమానం ఎక్కనివ్వరు. ఆ విల్లాకు ఇన్‌ఛార్జి జడ్సన్ సార్. కాగితం ఆయన పంపాలి, సంతకమయ్యాక తిరిగి ఆయన చేతికే రావాలి.

జడ్సన్ సార్‌ది గోదావరి జిల్లా. చరిత్ర చెప్పేవాడు. బాగా చెప్పేవాడు, కాదనను. ఆయన చెప్పిన పాఠం పిల్లలు పరీక్షయ్యాక కూడా మర్చిపోయేవాళ్ళు కాదు.

ఇండియాకు వచ్చిన తెల్లవాళ్ళు గుప్పెడు మంది, మనవాళ్ళు వేలమంది, మరి ఎలా ఓడిపోయాం? పుస్తకంలో దానికి ఒక్క పేజీ. సార్ ఆ పేజీని గదిలో ఆడించి చూపేవాడు. బెంచీలు గోడకు నెట్టించి పిల్లల్ని మూడు వరసలు చేసేవాడు. మొదటి వరస మోకాళ్ళ మీద, రెండో వరస నడుం వంచి, మూడో వరస నిటారుగా. ఎడం చేతిలో స్కేలు, అది తుపాకీ. కుడి చేతిలో సుద్దముక్కలు, అవి గుళ్ళు. తను ఎర్రకోటు తొడుక్కుని, మెడలో విజిల్ వేలాడేసుకుని, పక్కన నిలబడేవాడు.

"ఫస్ట్ ర్యాంక్... ఫైర్!"

మొదటి వరస విసురుతుంది. వాళ్ళు ఇంకో సుద్దముక్క అందుకునేలోగా రెండో వరస విసురుతుంది. వాళ్ళు అందుకునేలోగా మూడోది. అది అయ్యేసరికి మొదటి వరస మళ్ళీ సిద్ధం. ఎదురొచ్చేవాడికి ఊపిరి పీల్చుకునే సందుండదు. అదే తెల్లవాడి కిటుకు అని చెప్పేవాడు.

"వాళ్ళు వెయ్యిమంది, మనం నలభైమందిమి! ఎలా గెలుస్తాం?"

"వరస తప్పకుండా సార్!" అని పిల్లలంతా అరిచేవాళ్ళు. ఆ అరుపు గేటు దగ్గర నా వ్యాన్ దాకా వినపడేది.

మనం అంటే ఎవరో చూశారా? పిల్లలు చూడలేదు. ఎర్రకోటు వైపు నిలబడటానికి తన్నుకునేవాళ్ళు. రెండోవైపు నిలబడి చచ్చేవాళ్ళు కూడా కావాలి కదా, దానికి ఒక్కరూ రారు. మొదట్లో సార్ మార్కులు తక్కువొచ్చిన నలుగుర్ని అటు నిలబెట్టాడు. వాళ్ళలో ఒకడి తండ్రి ఆఫీసుకొచ్చి, మావాడు ఆరుసార్లు చచ్చానని ఇంట్లో ఏడుస్తున్నాడు, ఇదేం చదువని గొడవ పెట్టుకున్నాడు.

అప్పుడు సార్ కళ్ళు గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ మస్తాన్ మీద పడ్డాయి.

"ఏరా మస్తాన్... పిల్లల్తో కాసేపు ఆడతావా? నీ చుట్టీ సంగతి నేను చూస్తాలే."

ఆ రోజు నుంచి వెయ్యిమంది సైన్యమూ మస్తాన్ ఒక్కడే అయ్యాడు.

నేల తుడిచే కర్రను బల్లెంలా పట్టుకుని గుమ్మం దగ్గర్నుంచి అరుస్తూ పరుగెత్తి రావాలి. నాలుగడుగులు వేసేసరికి నలభై సుద్దముక్కలు వచ్చి తగిలేవి. పిల్లలే కదా అనుకుంటాం. ఏడో తరగతి పిల్లలు కసిగా విసిరితే సుద్దముక్క కూడా కమిలిపోయేలా తగులుతుంది. ఒకసారి కంటి కింద వాచిపోయింది. అప్పట్నుంచి మస్తాన్ ఒంటికి బొంత చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఖాసింబీ తన పాత చీరలన్నీ పరిచి కుట్టిన బొంత అది. చలికాలం కప్పుకొమ్మని ఇచ్చి పంపింది.

సార్‌కు ఆ బొంత తెగ నచ్చింది. "భలే ఉందిరా! అచ్చం అప్పటి సైనికుడిలా ఉన్నావు," అన్నాడు. ఇక బొంత లేకుండా రానిచ్చేవాడు కాదు.

ఒక రూలు కూడా పెట్టాడు. పడినవాడు తన విజిల్ వినపడేదాకా కదలకూడదు.

"యుద్ధంలో చచ్చినవాడు వీపు గోక్కోడు. కదిలావో... మళ్ళీ మొదట్నుంచీ ఆడాలి."

రెండుసార్లు కదిలి, రెండుసార్లు మళ్ళీ దెబ్బలు తిన్నాక, మస్తాన్‌కు కదలకపోవడం వచ్చేసింది. చీమ కుట్టినా పడుకునే ఉండేవాడు. విజిల్ వినపడగానే లేచేవాడు. బొంతకంటిన సుద్దపొడి తప్... తప్... మని రెండుసార్లు దులుపుకునేవాడు. తర్వాత ఎప్పుడూ ఒకే మాట.

"అయిపాయనా సార్?"

సార్ రిజిస్టర్ లోంచి తలెత్తకుండా జవాబిచ్చేవాడు. "ఇంకో సెక్షనుంది." మస్తాన్ మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. ఆఖరి సెక్షను అయ్యాకే, "అయిపోయింది, పో," అనేవాడు. అదీ తలెత్తకుండానే.

పిల్లలకు ఆ మాట ఆటయింది. సాయంత్రం వ్యాన్ ఎక్కి, ఒకడు సీటు మీద పడటం, ఒకడు విజిల్ వేయడం, పడినవాడు లేచి దులుపుకుని, "అయిపాయనా సార్?" అనడం... వ్యానంతా నవ్వులు. స్టీరింగ్ దగ్గర నేనూ నవ్వాను. మావాడి మాట, మా ఊరి మాట, అయినా నవ్వాను.

కాగితం సంగతి వారానికోసారి అడిగేవాడు. "ఇంకా రాలేదురా," అనేవాడు సార్.

తొంభై నాలుగు మే నెల, ఒక గురువారం. మే నెల ఎండంటే ఇక్కడ గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ గదిలో ఏసీ ఉంది కానీ పాతది, దడదడమని మోత. ఆ మోతలో తన ఆర్డర్లు వినపడవని సార్ పాఠమప్పుడు ఆపించేవాడు. ఆ రోజు మూడు సెక్షన్లు. మొదటిది అయింది. మస్తాన్ లేచి దులుపుకుని అడిగాడు. ఇంకో సెక్షనుంది. రెండోది అయింది. ఈసారి గోడ పట్టుకుని లేచాడట. నీళ్ళు తాగొస్తానన్నాడట. టైము లేదు, అయ్యాక తాగుదువులే అన్నాడట సార్.

మూడోసారి మూడో వరస విసరకముందే పడిపోయాడు.

"అదిగో! రెండు వరసలకే శత్రువు కూలిపోయాడు," అని సార్ మెచ్చుకున్నాడు. ఆ రోజు కొత్త పాఠం కూడా ఉంది. యుద్ధం అయ్యాక సైనికులు పడినవాళ్ళ మధ్య నడుస్తూ, ఒక్కొక్కణ్ణీ తుపాకీ కొనకున్న కత్తితో పొడిచి, చచ్చాడో లేదో చూసేవాళ్ళట. పిల్లలు వరసగా నడిచారు. ఒక్కొక్కరూ స్కేలుతో ఒక్కో పోటు. ముప్ఫై ఎనిమిదిమంది. మస్తాన్ కదల్లేదు.

"చూశారా," అన్నాడు సార్. "డిసిప్లిన్ అంటే అదీ."

అంతలో బెల్లు కొట్టారు. మర్నాడు సెలవు, పిల్లలు గోలగా బయటపడ్డారు. సార్ కోటు విప్పి బీరువాలో పెట్టి, లైటు ఆర్పి, తలుపు లాగేసి వెళ్ళిపోయాడు. విజిల్ వేయడం మర్చిపోయాడు.

డయానా అని మన కృష్ణా జిల్లా వాళ్ళమ్మాయి, వ్యాన్‌లో నా వెనక సీట్లో కూర్చునేది. ఎక్కుతూనే నా భుజం మీద తట్టింది. "అంకుల్, మస్తాన్ ఇవాళ ఎంత బాగా చచ్చిపోయాడో తెలుసా!"

నేను నవ్వి బండి స్టార్ట్ చేశాను.

శుక్రవారం మస్తాన్ భోజనానికి రాలేదు. ఎక్కడో పడి నిద్రపోతున్నాడనుకున్నాను. అతని వంతు కూర మూత పెట్టి ఉంచి, సాయంత్రం నేనే తినేశాను.

శనివారం పొద్దున తలుపు తీశారు.

ఎండదెబ్బ, గుండె ఆగిందన్నారు. పడినప్పుడే పోయాడో, ఆ తర్వాత పోయాడో... కదల్లేక పడున్నాడో, విజిల్ వేయలేదని కదలకుండా పడున్నాడో... ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళూ లేరు. అతనే లేచి వెళ్ళిపోతాడనుకున్నానని సార్ చెప్పాడు, అందరూ తలూపారు. పెట్టె రాయచోటి వెళ్ళింది. రమీజా తండ్రిని అలా చూసింది.

గది మూసేశారు. తర్వాత వచ్చిన కాపలావాళ్ళు ఇద్దరు నెల తిరక్కుండా మానేశారు. చీకటి పడ్డాక ఆ గది ముందు నుంచి పోతుంటే లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంటుందని చెప్పేవాళ్ళు. చప్పుడేమీ లేదు, అదే భయం అనేవాళ్ళు.

అక్టోబరులో గిరి వచ్చాడు. మదనపల్లె వైపు మనిషి. హౌస్ డ్రైవర్‌గా వచ్చాడు, ఆ ఇంటివాళ్ళు వద్దంటే ఈ బడి పనిలో పడ్డాడు. వచ్చిన నెలకే ఇంటి నుంచి ఉత్తరం. భార్య కృష్ణకుమారికి కడుపులో గడ్డ. జనవరి ఇరవయ్యో తేదీ వేలూరులో ఆపరేషన్ పెట్టారు. భర్త వచ్చి సంతకం పెట్టాలి, ఆలస్యమైతే చెప్పలేమన్నారు.

చుట్టీ కోసం గిరి సార్ దగ్గరికి వెళ్ళాడు. సార్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"జనవరి పన్నెండున యాన్యువల్ డే. పెద్ద పెద్దవాళ్ళొస్తారు, యుద్ధం ఆడించాలి. అందాకా పిల్లల్తో ఆడు. పన్నెండు దాటగానే కాగితం నీ చేతిలో ఉంటుంది."

గిరికి మస్తాన్ సంగతి తెలీదు. నేను చెప్పొచ్చు. చెప్తే ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే కాగితం రాదు, ఆ కృష్ణకుమారి సంగతి ఏమవుతుందో... అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నేను నవ్విన మాట కూడా చెప్పాల్సొస్తుందని నోరు మూసుకున్నాను.

ఇక్కడి నుంచి గిరి నాకు చెప్పిందే చెప్తున్నాను.

జనవరి తొమ్మిది. స్టేజీ అంత చోటు ఇంకెక్కడా లేదని సార్ ఆ గది తీయించాడు. రిహార్సల్ అయి పిల్లలు నా వ్యాన్‌లో వెళ్ళిపోయారు. చలికాలం, అయిదింటికే చీకటి. రాత్రి చదివే ఇషా నమాజు పిలుపు కూడా అయిపోయింది. విల్లాలో మిగిలింది సార్, గిరి.

సార్ ఎర్రకోటు తొడుక్కుని సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తున్నాడు. ఎవరెక్కడ నిలబడాలో, శత్రువు ఎక్కడ పడాలో... బీరువాలోంచి ఒక బొంత తీసి గిరి మీదికి విసిరాడు.

"ఇది చుట్టుకో. ఉతికించాంలే."

పాత చీరల బొంత. ఉతికినా సుద్దవాసన పోలేదు.

"ఇదిగో, ఇక్కడ పడుకో. గీతలు చూసుకోవాలి. నేను విజిల్ వేసేదాకా కదలకు."

గిరి పడుకున్నాడు. అంతలో ముందువైపు ఆఫీసులో ఫోను మోగింది. సార్ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ... చెయ్యి అలవాటుగా స్విచ్ మీద పడింది. లైటు ఆరిపోయింది. తలుపు మూసుకుంది.

కటిక చీకటి.

లేద్దామా అనుకున్నాడు గిరి. లేస్తే కోపమొస్తుంది, కాగితం ఆయన దగ్గరుంది. ఇరవయ్యో తేదీ గుర్తొచ్చింది. కదలకుండా పడుకున్నాడు. టైల్స్ చల్లగా వీపుకు తగులుతున్నాయి. ఒకటి... రెండు... అని లెక్కపెట్టసాగాడు. నూరు దాటింది. మూడొందలు దాటింది...

కుడిపక్క నుంచి వేడి తగిలింది.

జనవరి చలిలో... కొలిమి పక్కన పడుకున్నట్టు వేడి.

గిరి తల తిప్పబోయాడు.

"కదలాకబ్బా..." అని ఎవరో గుసగుసగా అన్నారు. "ఇంగా విజిలెయ్యలేదు."

గిరికి మొదట భయం వేయలేదు. మా సీమ మాట కదా. సార్ ఇంకెవర్నో కూడా పెట్టుకున్నాడనుకున్నాడు.

"నువ్వు కూడా ఈ పక్కనేనా అన్నా?" అన్నాడు పెదవులు కదపకుండా.

"ఆఁ."

"ఎప్పుడొచ్చినావు?"

వేడి గాలి గిరి చెవికి తగిలింది.

"నేను పోనే లేదు గదా."

గిరి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"దప్పికైతాంది," అంది గొంతు. "అయినాక తాగుదువులే అన్న్యాడు సార్... నీకు కాగితమిస్తామన్న్యారా?"

"ఆఁ... అన్న్యారు."

"నాకూ అన్న్యారు. సంతకమైందో లేదో... నేను లేసి అడగకూడదు. నువ్వడుగుతావా? బిడ్డకు మూడేండ్లు. ఒకసారి ఎత్తుకోవల్ల."

"అడుగుతాన్నా..."

"కదలాకు," అంది గొంతు. "కదిల్తే మళ్ళ మొదట్నుంచి."

గిరి కదల్లేదు. ఎంతసేపో తెలీదు. చివరికి తలుపు తీసుకుంది, లైటు వెలిగింది. సార్ గుమ్మంలో నిలబడి ఉలిక్కిపడ్డాడు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేంట్రా?"

తాళాల గుత్తి మర్చిపోయి వచ్చాడాయన. గిరి కోసం రాలేదు.

"లెగు, లెగు. పొద్దున చూద్దాం."

గిరి లేవబోయాడు. బొంత రాలేదు. కుడివైపు కొస నేలకంటుకుపోయింది. లాగాడు... రాలేదు. దాని మీద ఎవరో బరువుగా పడుకున్నట్టుంది. చూస్తే ఎవరూ లేరు. తెల్లటి టైల్స్, అంతే.

"సార్... విజిలెయ్యండి."

"విజిలెందుకురా? లెగమంటున్నా కదా!"

"నాక్కాదు సార్... పక్కన ఇంగొకాయన ఉండాడు."

సార్ ఆ పక్కకు చూశాడు. గిరి ముఖం చూశాడు. ఆయన చెయ్యి తలుపు కోసం వెనక్కి వెతుక్కుంది.

"కాగితం సంతకమైందా అని అడగమన్న్యాడు సార్. బిడ్డకు మూడేండ్లంట."

సార్ తలుపు కోసం వెతుకుతున్న చెయ్యి ఆగిపోయింది. రెండో చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి... ఎర్రకోటు లోపలి జేబును గట్టిగా పట్టుకుంది.

గిరి అది చూశాడు. మోకాళ్ళ మీద లేచి గుమ్మం వైపు సాగాడు. బొంత వదల్లేదు కానీ చెయ్యి అందింది. కోటు అంచు పట్టుకుని లాగితే జేబు చిరిగింది. మడిచిన కాగితాలు రెండు నేల మీద పడ్డాయి.

ఒకదాని మీద గిరి ఫోటోనే. సంతకం అయిపోయి ఉంది. తేదీ డిసెంబరు ఇరవై ఎనిమిది. వచ్చి పన్నెండు రోజులు.

రెండోది పాతది, మడతల దగ్గర చిరుగుతోంది. మీసాలతో ఎవరో మనిషి ఫోటో. దాని మీదా సంతకముంది. ఏప్రిల్ పదహారు.

మస్తాన్ పడింది మే నెలలో.

"పరీక్షలయ్యాక ఇద్దామనుకున్నాన్రా..." సార్ గొంతు పీలగా వచ్చింది. "అతను వెళ్ళిపోతే అటువైపు ఎవరు నిలబడతారు... ఇంకో మూడు సెక్షన్లే కదా అని..."

గిరి రెండు కాగితాలూ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"విజిలెయ్యండి సార్."

సార్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదాడు. గాలి రాలేదు. ఇంకోసారి ఊదాడు. ఫుస్సుమంది. గిరి ఆయన మెడలోని తాడు పట్టి దగ్గరికి లాగి, తన నోట్లో పెట్టుకుని, గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి ఊదాడు.

బొంత కొస వదులైంది.

తప్...

తప్...

గది మధ్యలో, మనిషెత్తున, ఖాళీ గాల్లోంచి తెల్లటి సుద్దపొడి లేచింది. ట్యూబులైటు వెలుగులో మెల్లగా తిరిగింది.

"అయిపాయనా సార్?"

ఆ గొంతులో కోపం లేదన్నాడు గిరి. ఉండి ఉంటే తట్టుకునేవాణ్ణన్నాడు. అలిసిపోయిన మనిషి డ్యూటీ దిగేముందు అడిగినట్టు అడిగాడట. అయిపోయిందంటే చాలు, పోయేటట్టున్నాడట.

"సెప్పండి సార్..." గిరి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "అయిపాయిందని సెప్పండి. ఒక్క మాట."

సార్ నోరు తెరిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయట. చెప్దామనే తెరిచాడంటాడు గిరి, ఇప్పటికీ అదే అంటాడు. కానీ ఏడాదంతా ఆ ప్రశ్నకు తలెత్తకుండా ఒకే జవాబిచ్చిన నోరది. భయంలో దానికి అలవాటైన మాటే వచ్చింది.

"ఇంకో సెక్షనుంది."

సుద్దపొడి గాల్లో ఒక్క క్షణం ఆగింది.

తర్వాత... ఆ టైల్స్ మీద ధబ్‌మని, ఎవరో మళ్ళీ పడ్డారు.